బ్యాడ్మింటన్ కోసం సైకిల్: రోడ్డు మీదా, జిమ్‌లోనా?

మూడో గేమ్‌కి వచ్చేసరికి కాళ్లు కదలట్లేదని ఈమధ్య సైకిల్ తొక్కడం మొదలుపెట్టాను. అప్పటి నుంచి కోర్టు దగ్గర ఎవరు కనిపించినా ఒకటే ప్రశ్న: "అన్నా, సైకిల్ కొనమంటావా, జిమ్‌లో తొక్కితే చాలా?" రెండూ చేసి చూశాను.

పరుగు మాట ముందే పక్కన పెడుతున్నాను. స్మాష్ కొట్టి దిగినప్పుడు, నెట్ దగ్గరికి లంజ్ (ఒక కాలు బాగా ముందుకు చాచి వంగడం) వేసినప్పుడు మోకాళ్ల మీద పడే భారం ఎలాగూ ఉంది. దానికి తోడు సిమెంటు రోడ్డు మీద పరుగంటే నా మోకాళ్లు ఒప్పుకోలేదు.

మన ఆటలో ర్యాలీ, అంటే ఒక పాయింట్ తేలేదాకా సాగే ఆట, కొన్ని సెకన్లే. ఆ తర్వాత ఊపిరి ఎంత తొందరగా కుదురుకుంటుందన్న దగ్గరే చాలామంది ఓడిపోతారు. 11 పాయింట్ల దగ్గర 60 సెకన్లు, గేమ్‌కీ గేమ్‌కీ మధ్య 120 సెకన్లు, విరామం అంతే దొరికేది. అంతలో గుండె వేగం దిగాలంటే కింద పునాది ఉండాలి. పక్కవాళ్లతో మాట్లాడగలిగేంత తేలికగా, వారానికి మూడు రోజులు, ఆగకుండా 40 నిమిషాలు తొక్కితే ఆ పునాది పడుతుంది. అందుకే ఆగకుండా తొక్కగలగడమే నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం.

రోడ్డు సైకిల్ ఓడిపోయేది ఇక్కడే. కూకట్‌పల్లిలో తెల్లవారుజామున ఐదున్నరకే బయలుదేరినా సిగ్నళ్లు, యూటర్న్‌లు, వెంటపడే కుక్కలు తప్పవు. ఇంటికొచ్చి వాచ్‌లో చూసుకుంటే గుండె వేగం గీత రంపం పళ్లలా ఉంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు నిమిషానికి 165, దిగేటప్పుడు కాళ్లు ఖాళీగా ఉండి 110. గంట తొక్కినా నిలకడగా సాగింది పావుగంట కూడా లేదు. జిమ్‌లో మాత్రం 40 నిమిషాలూ 130 దగ్గరే నిలబెట్టగలిగాను. ఎదురుగా ఫ్యాన్ మాత్రం ఉండాల్సిందే. లేకపోతే ఒంట్లో వేడి పెరిగి, అదే వేగంతో తొక్కుతున్నా గుండె వేగం పైకి పోతుంది.

జిమ్ సైకిల్‌తో రెండు జాగ్రత్తలు. జిమ్‌లో ఉండే స్పిన్ బైక్‌కి ముందున్న బరువైన చక్రం ఒకసారి వేగం అందుకుంటే మన కాళ్లను అదే తిప్పేస్తుంది. కాబట్టి బిగువు పెంచే నాబ్‌ని తొడలకు పని తెలిసేంత వరకు బిగించాలి. రెండోది సీటు. మనకన్నా ముందు తొక్కినవాళ్లు ఏ ఎత్తులో పెట్టారో ఏమో! మొదటి వారం చూసుకోకుండా ఎక్కేసి మోకాలి చిప్ప ముందు నొప్పి తెచ్చుకున్నాను, సీటు మరీ కిందకి ఉంది. సీటు మీద కూర్చుని, పెడల్ అన్నిటికన్నా కిందకి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీదకొస్తుంది కాబట్టి మోకాలు కాస్త వంగి ఉంటుంది.

చక్రం బదులు ఫ్యాన్ తిరిగే ఎయిర్ బైక్ మొదట్లో వద్దు, దాని మీద తేలికగా తొక్కడం కష్టం. సొంత సైకిల్‌ని ట్రెయినర్‌కి (ఇంట్లోనే తొక్కేలా సైకిల్‌ని నిలబెట్టే స్టాండ్) బిగించుకుంటే మంచిదే కానీ ఖర్చెక్కువ.

ఆరు వారాలయ్యాక మూడు రోజుల్లో ఒక రోజును మార్చాను: 15 సెకన్లు గట్టిగా, 30 సెకన్లు మెల్లగా, అలా పది సార్లు. అచ్చం ర్యాలీల్లాగే ఉంటుంది. ఇదీ జిమ్‌లోనే సుఖం, ట్రాఫిక్‌లో తల వంచి తొక్కడం ప్రమాదం.

రోడ్డు మీద తొక్కడం నాకిష్టం లేదని కాదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో మొదలైన, సోలార్ పైకప్పున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ మీద సిగ్నల్ గొడవ ఉండదు. నానక్‌రామ్‌గూడ, నార్సింగి వైపు ఉండేవాళ్లు నిక్షేపంగా సైకిలే కొనుక్కోండి. నేను ఆదివారం మాత్రమే అక్కడికి వెళ్తున్నాను. మిగతావాళ్లు రెండు నెలలు జిమ్‌లో తొక్కి, అప్పుడు కొనాలో లేదో చూసుకోండి.

ఫుట్‌వర్క్ డ్రిల్స్ మాత్రం మానకండి. పక్కకి దూకడం, ఆగి వెనక్కి తిరగడం సైకిల్ నేర్పదు. శనివారం మ్యాచ్ ఉంటే శుక్రవారం నేను సైకిల్ ముట్టను, తొడలు బరువెక్కి మొదటి గేమ్ అంతా అడుగు ఆలస్యంగా పడుతుంది.