మెడ రక్తనాళాల డాప్లర్ స్కాన్: చేసిన డాక్టరమ్మకి ఐదు స్టార్లు, రిపోర్టుకి రెండే

నాన్నకి బీపీ, షుగరు రెండూ ఉన్నాయి, మొన్న చెకప్‌లో డాక్టరుగారు మెడ మీద స్టెత్ పెట్టి విని ఏదో హోరు వినిపిస్తోంది కరోటిడ్ డాప్లర్ (మెదడుకి రక్తం తీసుకెళ్ళే మెడ నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసే స్కాన్) తీయించండి అంటే వెళ్ళాం. సెంటర్ పేరు రాయట్లేదు. పరగడుపున వెళ్ళక్కర్లేదు, సూది లేదు, రేడియేషన్ లేదు, మెడకి జెల్ రాసి ప్రోబ్ పెడతారు అంతే. కాలరు లేని చొక్కా వేసుకెళ్తే మంచిది, నాన్న కాలరంతా జెల్ అయింది.

అసలు చెప్పాల్సింది స్కాన్ చేసిన డాక్టరమ్మ గురించి. "తల కుడి పక్కకి తిప్పండి నాన్నగారూ" అని ముందు ఎడమ వైపు చూశారు, స్క్రీన్ మావైపు తిప్పి పెట్టారు. దవడ కింద రక్తనాళం రెండుగా చీలే చోట కొంచెం ఉబ్బు ఉంటుంది, స్క్రీన్ మీద ముందుకి పోయే రక్తం ఎరుపు, వెనక్కొచ్చేది నీలం; నాళమంతా ఎర్రగా పోతుంటే ఆ ఉబ్బులో బయటి గోడ దగ్గర మాత్రం గుండె కొట్టుకున్నప్పుడల్లా చిన్న నీలం మచ్చ వచ్చి పోతోంది. నేను కంగారు పడితే, అది జబ్బు కాదండీ, రక్తం అక్కడ సుడి తిరిగి కాస్త వెనక్కొస్తుంది, బాగున్నవాళ్ళకీ కనిపిస్తుంది అన్నారు. కుడి వైపు చూస్తే సరిగ్గా అదే చోట కొవ్వు గడ్డకట్టి కూర్చుంది, నీలం మచ్చ లేదు, మిగిలిన ఇరుకు సందులోంచి రక్తం దూసుకుపోతూ రంగులన్నీ కలగాపులగం.

నాన్న అడిగారు, "రక్తం ఒళ్ళంతా ఒకటే కదమ్మా, మరి అక్కడే ఎందుకు పేరుకుంది?" అని. ఆవిడ చెయ్యి ఆపి మరీ చెప్పారు. నాళం లోపల ఒకే ఒక్క కణం మందాన పొర ఉంటుందిట, రక్తం దాన్ని రాసుకుంటూ పోతుంది, తిన్నగా జోరుగా పోయే చోట ఆ కణాలు ప్రవాహం వైపే సాగి నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి, దాంతో నాళం సడలుతుంది, తెల్లకణాలు అంటుకోవు. చీలికల దగ్గర, వంపుల దగ్గర రాపిడి తగ్గిపోయి ముందుకీ వెనక్కీ ఊగుతుంటే ఆ పొర జిగటగా మారి కొలెస్ట్రాల్‌ని లోపలికి రానిస్తుంది. అంటే రాపిడి ఎక్కువైతే గోడ అరుగుతుందేమో అని నేననుకుంటున్నదానికి పూర్తిగా రివర్సు!

ఇంటికొచ్చి చదివాను. ఈ సంగతి 1969లోనే కారో అనే ఆయన, తోటివాళ్ళు రాశారు. బాగున్న ధమనుల్లో ఈ రాపిడి చదరపు సెంటీమీటరుకి 10 నుంచి 70 డైన్లు (డైను అంటే బలానికి ఒక చిన్న కొలత), కొవ్వు పట్టే చోట్ల 4 కంటే తక్కువట. బీపీ, షుగరు, సిగరెట్ ఒళ్ళంతటికీ చెరుపే అయినా ముందు దెబ్బతినేది ఈ మూలలే.

ఇంక రిపోర్టు. ఇవేవీ అందులో లేవు. కుడి వైపు 160, ఎడమ వైపు 80 అని రెండు అంకెలు, కింద ఒక ఇంగ్లీషు ముక్క. నాన్న ఆ 160ని బీపీ అనుకుని రాత్రంతా నిద్రపోలేదు, పొద్దున్నే మళ్ళీ వెళ్ళాం. అది సెకనుకి 160 సెంటీమీటర్ల వేగం, 125 దాటితే సగం పైన ఇరుకైనట్టు లెక్క అని డాక్టరమ్మ పెన్నుతో పక్కన రాసిచ్చారు. ఆ ఒక్క లైను ప్రింట్‌లోనే ఉంటే ఆ రాత్రి తప్పేది కదా, పెద్దవాళ్ళ చేతికిచ్చే కాగితం మీద ఇంత బద్ధకం ఏంటసలు.

కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందు మొదలుపెట్టారు, ఆరు నెలలకి మళ్ళీ స్కాన్. ఆవిడ ఉన్న రోజు చూసుకునే వెళ్తాం, ఎడమ వైపు నీలం మచ్చ ఫొటో కూడా ప్రింట్ అడుగుతా.