చెన్నై టీము క్యాబినెట్ టెస్టింగ్: స్టిక్కర్ అంటించే ముందు ఏం కొలిచారు, ఏం వదిలేశారు

ముందే తేల్చి చెప్పేస్తే: ల్యాబు సామాను పరీక్షించడానికి వచ్చిన చెన్నై టీము బయోసేఫ్టీ క్యాబినెట్ల (ప్రమాదకర నమూనాలతో పనిచేసేందుకు గాలి వడకట్టే పెట్టెల) పని బాగా చేసింది. ఆటోక్లేవ్ (ఆవిరి వేడితో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రం) పని సగమే చేశారు. నెగెటివ్ ప్రెషర్ గది (లోపలి గాలి బయటికి రాకుండా ఒత్తిడి తక్కువగా ఉంచే గది) పని మళ్లీ చేయించుకోవాల్సి వచ్చింది. కొటేషన్‌లో మాత్రం మూడింటికీ ఒకటే పేరు, ‘వ్యాలిడేషన్’, అంటే సరిగ్గా పనిచేస్తోందని పరీక్షించి తేల్చడం.

తిరుపతి చుట్టుపక్కల టీబీ కల్చర్, వైరాలజీ, పశువైద్య నమూనాలతో పనిచేసే ల్యాబులు ఈ పనికి చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో టీములను పిలిపించుకోవడం మామూలే. 2020, 21లో కోవిడ్ పరీక్షల కోసం హడావిడిగా కొన్న క్యాబినెట్లు ఇప్పుడు ఫిల్టర్ మార్చాల్సిన వయసుకు వస్తున్నాయి. అందుకే ఏ పని అడగాలి, ఏది చేస్తే డబ్బులివ్వాలి అన్నది కాస్త వివరంగా రాస్తున్నాం. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. ఈ లోపాలు ఏ టీములోనైనా కనిపించేవే.

ఇక్కడ పరీక్షించినవి నాలుగడుగుల క్లాస్ టూ టైప్ ఏ2 క్యాబినెట్లు. మన దగ్గర చాలామంది దీన్నీ ‘లామినార్’ అనే పిలుస్తారు. ఆ పిలుపుతోనే తప్పుడు సామాను ల్యాబుకు చేరుతుంది. మామూలు లామినార్ గాలిని నమూనా మీదుగా మన ముఖం మీదికి తోస్తుంది, కల్చర్ మీడియా (సూక్ష్మజీవుల్ని పెంచే ఆహారం) పోసుకోవడానికి తప్ప పనికిరాదు. ఏ2లో ముందునుంచి గాలి లోపలికి లాగబడుతుంది, పైనుంచి వడకట్టిన గాలి దిగుతుంది. అందులో సుమారు 70 శాతం మళ్లీ లోపలే తిరుగుతుంది, మిగతాది సూక్ష్మ కణాల్ని పట్టే హెపా ఫిల్టర్ దాటి బయటికి పోతుంది. కొనుగోలు ఇండెంట్‌లో ‘క్లాస్ టూ, టైప్ ఏ2’ అని స్పష్టంగా రాయకపోతే స్టోర్స్ వాళ్లు తక్కువ కోట్ చేసిన లామినార్‌నే కొనేస్తారు.

టీము తెచ్చిన పరికరాల పెట్టె తెరవగానే చూడాల్సింది కాలిబ్రేషన్ సర్టిఫికెట్లు. గాలి వేగం కొలిచే థర్మల్ అనిమోమీటర్, హెపా లీకు పట్టే ఫొటోమీటర్, ముందు ద్వారం గాలిని నేరుగా పట్టి కొలిచే హుడ్, ఈ మూడింటికీ విడివిడిగా గడువు దాటని సర్టిఫికెట్ ఉండాలి, దాని మీది సీరియల్ నంబరు పరికరం మీది నంబరుతో కలవాలి. వీళ్లవి కలిశాయి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఒక పరికరం సర్టిఫికెట్ చూపించి ఇంకో పరికరంతో కొలిచి వెళ్లే టీములూ ఉంటాయి.

పైనుంచి దిగే గాలి వేగం కొలవడంలో తొందరపడలేదు. గ్లాసు తలుపు కింది అంచుకు 10 సెంటీమీటర్ల పైన, ఒక ఊహా పలక మీద గళ్లు గీసుకున్నట్టు 15 సెంటీమీటర్ల దూరంలో పాయింట్లు పెట్టి ఒక్కోటీ చదివారు. ప్రోబ్‌ను చేత్తో పట్టుకోకుండా స్టాండుకు బిగించారు. చెయ్యి అడ్డొస్తే రీడింగ్ తప్పుతుంది, అది వాళ్లకు తెలుసు. ఇక ముందు ద్వారం దగ్గర లోపలికి వెళ్లే గాలి సగటు సెకనుకు కనీసం 0.51 మీటర్లు ఉండాలన్నది అమెరికన్ ఎన్ఎస్ఎఫ్ 49 ప్రమాణం. యూరప్ ప్రమాణం 0.40తో సరిపెట్టుకుంటుంది. రిపోర్టులో ఏ ప్రమాణం ప్రకారం పాస్ అన్నారో రాయించుకోవాలి. ఒకదాని కింద ఫెయిలైన క్యాబినెట్ రెండోదాని కింద పాసయ్యే వీలుంది.

ఇక్కడొక మాట. క్యాబినెట్ ముందున్న ప్రెషర్ గేజ్ చూసి ‘మేడం, ముల్లు పాత చోటే ఉంది, ఫిల్టర్ బాగున్నట్టే’ అని టీములోని కుర్రాడొకరు అన్నారు. సీనియర్ టెక్నీషియన్ వెంటనే దిద్దారు. ఆ గేజ్ చూపించేది ఫిల్టర్ ఎంత మూసుకుపోతోందో మాత్రమే. ఫిల్టర్ అంచు దగ్గర గాస్కెట్ (సందు మూసే పట్టీ) వదులై గాలి పక్కనుంచి దూరిపోతుంటే ముల్లు పెద్దగా కదలదు. రోజూ గేజ్ రీడింగ్ రాసి పెట్టుకోవడం మంచిదే, దాన్ని లీకు పరీక్ష అనుకోకూడదు.

లీకు పరీక్షే ఈ సర్వీసులో అన్నిటికంటే నచ్చిన భాగం. పీఏఓ అనే నూనె పొగను ఫిల్టర్‌కు ఎగువన వదిలి, దాని సాంద్రతను ఫొటోమీటర్‌లో 100 శాతంగా సెట్ చేశారు. ఆపైన ప్రోబ్‌ను ఫిల్టర్‌కు రెండున్నర సెంటీమీటర్ల దూరంలో, సెకనుకు 5 సెంటీమీటర్లకు మించని వేగంతో, వరుసల మీద వరుసలు కలిసేలా నడిపారు. హద్దు 0.01 శాతం. ఫిల్టర్ మధ్యలో అంతా శుభ్రం. ఒక క్యాబినెట్‌లో మాత్రం వెనక ఎడమ మూల గాస్కెట్ దగ్గరికి రాగానే అంకె ఒక్కసారి ఎగిరి 0.03 దగ్గర ఆగింది. అక్కడ బిగింపు బోల్టు వదులైంది. ఒక్కదాన్నే లాగి బిగిస్తే ఫ్రేము వంకరపోతుంది కాబట్టి నాలుగు మూలలూ కొంచెం కొంచెంగా, ఎదురెదురు బోల్టుల వరుసలో బిగించి మళ్లీ మొదటినుంచి స్కాన్ చేశారు. రెండోసారి అంకె హద్దులోపలికి వచ్చింది. ఫిల్టర్ అంచుల్నీ ఫ్రేమునీ వదిలేసి మధ్యలో మాత్రమే ప్రోబ్ తిప్పి ‘ఓకే’ అనే టీమైతే ఇది బయటపడేది కాదు.

పొగ పరీక్షలో ఇంకో సంగతి తేలింది. గ్లాసు తలుపు అంచుల వెంట, ముందు గ్రిల్ వెంట సన్నని పొగ వదిలి అది ఎటు పోతుందో చూడాలి. కుడివైపు అంతా బుద్ధిగా లోపలికి దిగింది. ఎడమ మూలలో ఒక పాయ గ్రిల్ దాకా వచ్చి, ఆగి, బయటికి మెలిక తిరిగింది. క్యాబినెట్‌లో లోపమేమీ లేదు. ఎదురుగోడ మీది స్ప్లిట్ ఏసీ గాలి నేరుగా ఆ మూలకు కొడుతోంది. ఏసీ ఆపితే పొగ మళ్లీ లోపలికే వెళ్లింది. మే నెల తిరుపతి ఎండలో ఏసీ ఆపి, గౌనూ మాస్కూ వేసుకుని పనిచేయమంటే ఎవరూ చేయరు. అందుకని ఏసీ రెక్కల్ని పైకి తిప్పి, గాలి కొట్టే దిక్కు మార్చి, మళ్లీ పొగ పెట్టి చూశారు. క్యాబినెట్‌ను తలుపుకీ ఏసీకీ మనుషులు నడిచే దారికీ దూరంగా పెట్టాలన్నది కొన్నరోజునే పాటించాల్సింది. తర్వాత జరపాలంటే జరిపిన ప్రతిసారీ పరీక్షలన్నీ మళ్లీ చేయించాలి.

యూవీ దీపాన్ని మాత్రం మాటవరసకు చూసి వెళ్లిపోయారు. పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. గాజుగొట్టం మీద దుమ్ము పట్టినా, దీపం పాతదైనా నీలం వెలుతురు అలాగే ఉంటుంది, సూక్ష్మజీవుల్ని చంపే శక్తి మాత్రం పడిపోతుంది. రసాయనంతో తుడవడం మానేసి యూవీని నమ్ముకునే ల్యాబుకు ఈ దీపం లేకపోవడమే మంచిది.

ఫిల్టర్ మార్చాల్సి వస్తే ఎలా చేస్తారని అడిగాం, ఎందుకంటే అది తలనొప్పి పని. లోపలి భాగం తెరిచే ముందు క్యాబినెట్ మొత్తాన్ని ఫ్యూమిగేట్ చేయాలి, అంటే సూక్ష్మజీవుల్ని చంపే వాయువుతో నింపాలి. ఫార్మాల్డిహైడ్ పద్ధతిలో లోపలి ఖాళీలో ప్రతి ఘనపుటడుగుకూ 0.3 గ్రాముల పారాఫార్మాల్డిహైడ్ చొప్పున లెక్కేసి వేడిచేస్తారు, అన్ని కంతలూ ప్లాస్టిక్ షీటుతో టేపు వేసి మూసి రాత్రంతా ఉంచుతారు, తర్వాత అమ్మోనియం బైకార్బొనేట్‌తో విరుగుడు చేస్తారు. లోపల తేమ 60 శాతం దాటి ఉండాలి. నవంబరు వానల్లో దానికి కష్టపడక్కర్లేదు. ఏప్రిల్ మధ్యాహ్నం పొడిగాలిలో అయితే లోపల నీళ్లు వేడిచేసి తేమ పెంచకపోతే ఆవిరి సరిగ్గా పనిచేయదు. వీళ్ల ప్రొసీజర్ కాగితంలో తేమ కొలిచే గడి ఉంది. ఫ్యూమిగేషన్ పనిచేసిందని తేల్చే స్పోర్ స్ట్రిప్పుల (చావడం కష్టమైన బ్యాక్టీరియా స్పోర్లు అంటించిన ముక్కల) గడి మాత్రం లేదు, పెట్టించాం.

ఇక ఆటోక్లేవ్. ఇక్కడే నిరాశ. ఆటోక్లేవ్ ఖాళీ చాంబర్లో వేడి కొలిచే థర్మోకపుల్ పెట్టి 121 డిగ్రీలు వచ్చిందని రాసేశారు. ఖాళీ ఆటోక్లేవ్ ఎప్పుడూ పాసవుతుంది. కష్టమంతా సంచి మధ్యలో ఉంటుంది. కల్చర్ ప్లేట్లు కుక్కి మూతి గట్టిగా కట్టేసిన సంచి లోపల గాలి బందీ అయిపోతుంది, ఆవిరి లోనికి దూరదు, గేజ్ 121 చూపిస్తున్నా సంచి నడుమ ఇంకా చల్లగానే ఉంటుంది. సంచిని మూడువంతుల్లో రెండువంతులే నింపి, మూతి వదులుగా ఉంచి, లోపల కాస్త నీళ్లు పోసి, మధ్యలో స్పోర్ స్ట్రిప్పు, థర్మోకపుల్ రెండూ పెట్టి పరీక్షించాలి. ఆటోక్లేవ్ టేపు మీద నల్లగీతలు వచ్చాయంటే వేడి తగిలిందనే అర్థం, సూక్ష్మజీవులు చచ్చాయని కాదు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం గ్రావిటీ ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలు, 15 పీఎస్ఐ వద్ద 60 నిమిషాలకు తగ్గకూడదు, వాక్యూమ్ రకంలో అదే వేడికి 45 నిమిషాలు. మైక్రోబయాలజీ వ్యర్థాన్ని ల్యాబులోనే ఇలా శుద్ధి చేశాకే వ్యర్థాలు తీసుకెళ్లే బండి వాళ్లకు ఇవ్వాలి. స్టెరిలైజేషన్ కోసం పెట్టుకున్న 15 నిమిషాల సైకిల్‌నే వ్యర్థాలకూ వాడే అలవాటు చాలా చోట్ల ఉంది. టీము ఆ సెట్టింగ్ చూసి కూడా నోరు మెదపలేదు. నిండు సంచితో మళ్లీ చేయమంటే అదనపు చార్జీ అన్నారు. కొటేషన్‌లో ‘నిండు లోడుతో, స్పోర్ స్ట్రిప్పుతో’ అన్న నాలుగు ముక్కలు రాయించుకోకపోవడం వల్ల వాదించడానికి ఏమీ మిగలదు.

గది ప్రెషర్ విషయంలో పని అసలు మొదలవలేదనే చెప్పాలి. తలుపులన్నీ మూసి, కరెంటు నిలకడగా ఉన్నప్పుడు గేజ్ చదివి, బయటి కారిడార్ కంటే ముందుగది 15 పాస్కల్ తక్కువ, లోపలి గది 30 తక్కువ అని రాశారు. అంకెలు బాగున్నాయి. మన ఊళ్లో అడగాల్సిన ప్రశ్న వేరే: కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు ఏమవుతుంది? గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను ఆగి, లోపలికి తోసే సప్లై ఫ్యాను మాత్రం తిరుగుతూ ఉంటే, లేదా కరెంటు తిరిగొచ్చాక సప్లై ముందు అందుకుంటే, గది ఉబ్బి లోపలి గాలి తలుపు సందుల్లోంచి కారిడార్లోకి తోసుకొస్తుంది. ఎగ్జాస్ట్ ఆగిన క్షణమే సప్లై ఆగేలా, ఎగ్జాస్ట్ నిలకడకు వచ్చాకే సప్లై మొదలయ్యేలా ఇంటర్‌లాక్ ఉండాలి. దాన్ని కాగితం మీద చూస్తే సరిపోదు. గదిలో నమూనాలేవీ లేని రోజు చూసి, మెయిన్ స్విచ్ దింపి, తలుపు కింద పొగ పట్టుకుని చూడాలి. బలవంతపెడితే చేశారు. కరెంటు పోయినప్పుడు బాగానే ఉంది, తిరిగొచ్చినప్పుడు పొగ బయటికి వచ్చింది. సప్లై ఇంకాస్త ఆలస్యంగా మొదలయ్యేలా టైమర్ మార్చే పని కంట్రోల్ ప్యానెల్ వాళ్లది, అది వేరే బిల్లు. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) 2020లో ఇచ్చిన కంటెయిన్‌మెంట్ మార్గదర్శకాల ప్రకారం బీఎస్ఎల్-3 (మూడో బయోసేఫ్టీ స్థాయి) సర్టిఫికేషన్‌కు వెళ్లే సంస్థలు ఈ పరీక్షను రాతలో అడగడం మరవొద్దు.

బయోసెక్యూరిటీ (ప్రమాదకర నమూనాలు, సమాచారం పరాయి చేతుల్లో పడకుండా చూడటం) వైపు కూడా ఒక మాట చెప్పాలి, సర్వీసు వాళ్లు వచ్చే రోజే అది ఎక్కువ సడలుతుంది కాబట్టి. టీములో నలుగురి పేర్లు మెయిల్లో ముందుగా పంపారు, గేటు దగ్గర గుర్తింపు కార్డులు చూపించారు, బాగుంది. వచ్చినవాళ్లలో ఒకరు మాత్రం ఆ నలుగురిలో లేరు. ఆయన్ని రిసెప్షన్లోనే కూర్చోబెట్టాల్సి వచ్చింది, ముఖం చిన్నబుచ్చుకున్నారు. అయినా పద్ధతి పద్ధతే. లోపల ఉన్నంతసేపూ పక్కన మన మనిషి ఉండాలి. రీడింగ్ ఫొటోలు తీయొచ్చు, వెనక ఫ్రీజర్ మీది లేబుళ్లు, సూక్ష్మజీవుల స్ట్రెయిన్ల (రకాల) జాబితా ఫ్రేములో పడకూడదు. ఫ్రీజర్‌కు తాళం, లోపల ఏ గొట్టం ఎక్కడుందో చెప్పే రిజిస్టర్, ఏడాదికోసారి దాన్ని గొట్టాలతో సరిచూడటం మన పని. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థల (ఎన్ఐహెచ్) ఆవరణలో 2014లో మరిచిపోయిన మశూచి వయల్స్ ఒక కోల్డ్ స్టోరేజీలో బయటపడ్డాయంటే, అంత పెద్ద సంస్థ ఆవరణలో కూడా లెక్క తప్పిందని అర్థం. ప్రెషర్ ప్యానెల్‌ను చెన్నైలో కూర్చునే సరిచేస్తామని రిమోట్ యాక్సెస్ అడిగారు. ఇవ్వొద్దు. గది గాలిని ఊరి బయటినుంచి ఎవరో మార్చగలిగే దారి తెరిచినట్టే. అత్యవసరమైతే మన మనిషి ఎదురుగా ఉండి, ఆ పూటకే తెరిచి, పని కాగానే మూసేయొచ్చు.

రిపోర్టు ఆలస్యంగా వచ్చింది. క్యాబినెట్ల పేజీల్లో ప్రతి పాయింటు రీడింగూ ఉంది, మూల దగ్గర వచ్చిన మొదటి 0.03, బిగించాక వచ్చిన అంకె రెండూ రాశారు. ఫెయిలైన రీడింగును దాచకుండా రాయడం నిజంగా మెచ్చుకోవాల్సిందే. ఆటోక్లేవ్ పేజీలో ఒక అంకె, ఒక సంతకం. మళ్లీ పిలుస్తామా అంటే, క్యాబినెట్లకు తప్పకుండా. ఆటోక్లేవ్‌కు స్పోర్ స్ట్రిప్పులు మనమే కొని వారంవారం పెట్టుకోవడం మేలు, 55 నుంచి 60 డిగ్రీల ఇంక్యుబేటర్ ఉంటే చాలు, వేడి చేయని కంట్రోల్ స్ట్రిప్పు ఒకటి పక్కన పెట్టడం మరవకూడదు.

బుకింగ్ విషయానికొస్తే బ్రహ్మోత్సవాల వారం వద్దు. టీముకు రూములు దొరకవు, వ్యాన్ అలిపిరి వైపు కదలదు. జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి, అప్పటికి వానలూ తగ్గుతాయి, ఎండా ముదరదు. ఫిల్టర్ మార్చాల్సి ఉంటే మోడల్ నంబరు, సైజు ముందే పంపి, సామాను చెన్నైలో వాళ్ల చేతికొచ్చిందని ఫొటో అడిగాకే తేదీ ఖరారు చేసుకోండి.