రెండు ఆసులు చేతికొస్తే: నక్కి ఆడాలా, పెంచి ఆడాలా?

సంక్రాంతి సెలవులకు బెంగళూరు నుంచి పిల్లోళ్లు అనంతపురం, కడప ఇళ్లకు చేరినప్పుడు రమ్మీ చాప పక్కనే ఇప్పుడు పోకర్ చాప కూడా పడుతోంది. ఎనిమిది మంది కూర్చుంటారు. తలా రెండు ముక్కలు చేతికొస్తాయి, అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు చాప మీద పడతాయి, వాటన్నిట్లో మంచి అయిదు ఎవరివైతే వాళ్లే గెలుస్తారు. తలా 5,000 చిప్స్, బ్లైండ్లు (ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టేవి; చిన్నది 50, పెద్దది, అంటే బిగ్ బ్లైండ్, 100) 50–100తో మొదలు, పదిహేను నిమిషాలకోసారి పెంపు. చిప్స్ అయిపోయినోళ్లు లేచి అందరికీ టీ పెట్టాలి. చిప్స్ డబ్బా లేని ఇళ్లలో చింతగింజలు పనికొస్తాయి. శెనక్కాయలు మాత్రం వద్దు, సగం ఆటకే నోట్లోకి పోతాయి. డబ్బు పందేల గురించి ఇక్కడ మాట్లాడటం లేదు. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం ఉండనే ఉంది, 2020 సవరణతో అది ఆన్‌లైన్ ఆటనూ పట్టుకుంది.

ఆట అయ్యాక వచ్చే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఆసుల జత పట్టుకొని కూడా పోయినానబ్బా. నక్కి ఉండాల్సిందా, ఒకేసారి అంతా తోసేయాల్సిందా?"

రెండు ఆసులు సగటున 221 చేతులకు, అంటే 221 సార్లు పంచితే, ఒకసారి వస్తాయి. మూడు గంటలు కూర్చున్నా ఇంటి ఆటలో నూరు, నూటిరవై చేతులకు మించి పంచలేరు కాబట్టి ఆ రాత్రికి అసలు రాకనే పోవచ్చు. వచ్చినప్పుడు ఎదుట ఒక్కరే ఉండి, ఏ ముక్కలతోనైనా సరే చివరి ముక్క దాకా నిలబడితే, నూటికి 85 సార్లు ఆసులే గెలుస్తాయి. ఇద్దరుంటే 73, ముగ్గురుంటే 64, నలుగురుంటే 56. అయిదుగురు దిగితే 49, అంటే సగానికి తక్కువ. మీ ముక్కలు అవే. మారింది చాప మీద మిగిలిన తలకాయల లెక్క. నక్కాలా, పెంచాలా అనేది తేల్చేది ఆ లెక్కే.

నక్కి ఆడటమంటే ఆసులున్నాయని తెలియనివ్వకుండా 100 పెట్టి ఊరుకోవడం. దీని మీద మోజు ఎందుకో అర్థమవుతుంది: గట్టిగా పెంచితే అందరూ ముక్కలు పడేసి పోతారని భయం. కానీ మన చాపల మీద కూర్చునే వాళ్లలో చాలామంది మూడు ముక్కలాట నుంచి వచ్చినవాళ్లు. చూడకుండానే బ్లైండ్ ఆడిన చేయి అంత సులభంగా ముక్కలు పడేయదు. "చూస్తే ఏం పోతుందిలే మామా" అని 100కి ఎవరైనా దిగుతారు.

ఒక చేయి దగ్గరగా చూడండి. మీ దగ్గర ఇస్పేటు ఆసు, ఆటీను ఆసు. మీ ముందు ఇద్దరు తలా 100 పెట్టారు, మీరూ 100 పెట్టారు, బ్లైండ్లు రెండూ ఉండిపోయాయి. అయిదుగురు, పాట్ (మధ్యలో పోగైన చిప్స్) 500. ఫ్లాప్, అంటే చాప మీద పడే మొదటి మూడు ముక్కలు: కళావరు 9, కళావరు 8, డైమన్ 6. మీరు 300 వేస్తే ఇద్దరు కాల్ చేశారు (అంతే వేశారు), పాట్ 1,400 అయింది. టర్న్, అంటే నాలుగో ముక్క, ఆటీను 7. ఇప్పుడు అయిదో పదో, ఏదో ఒక్క ముక్క చేతిలో ఉన్నవాడికి వరస పూర్తయింది. బిగ్ బ్లైండ్ ఊరికే ఉంచుకున్న 9–8కి ఫ్లాప్ మీదే రెండు జతలు పడిపోయాయి. ఒకాయన 1,000 వేస్తాడు, పక్కాయన కాల్ అంటాడు. మీ దగ్గరున్నది ఇంకా వాటికంటే తక్కువైన ఆ ఒక్క జతే.

అక్కడ పడేస్తే పోయేది 400. నక్కి ఆడటంలో ఉన్న నిజమైన లాభం ఇదే: తక్కువ ఖర్చుతో బయటపడొచ్చు. చిక్కేమంటే ఎవరూ పడేయరు. 101 పూల్ రమ్మీలో మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో 40, పట్టుకు కూర్చుంటే 80 దాకా అని ఇంట్లో చిన్నపిల్లోడికి కూడా తెలుసు. అదే మనిషి పోకర్‌లో ఆసులు చూడగానే డ్రాప్ అనే మాటే మరిచిపోతాడు. "ఇంత పెద్ద జత ఎట్లా పడేసేది?" అంటూ మిగిలిన 4,600 కూడా పోగొట్టుకుంటాడు.

నక్కేవాళ్ల వాదనను పూర్తిగా కొట్టిపారేయలేం. ఫ్లాప్ రాకముందే ఒక్కరితో 5,000 మొత్తం పోటీ పడితే సగటున మీ వాటా 10,000లో 85 వంతులు, అంటే 8,500. ఎదుట నలుగురూ మొత్తం పెట్టేస్తే 25,000లో 56 వంతులు, అంటే 14,000. చిప్స్ పరంగా జనం ఎక్కువైతేనే లాభం. అయితే మొదటి దాంట్లో నూటికి 15 సార్లు టోర్నీ నుంచి లేస్తారు, రెండో దాంట్లో 44 సార్లు. మళ్లీ చిప్స్ తీసుకునే వీలున్న మొదటి గంటలో అయితే రానివ్వండి, తప్పులేదు. ఆ వీలు లేని ఆటలో 44 చాలా ఎక్కువ. ఇంకో సందర్భం కూడా ఉంది: మీ వెనక పెంచకుండా ఉండలేని మనిషి ఎవరైనా ఉంటే 100తో ఆగి, ఆయన పెంచాక మీరు మళ్లీ పెంచండి. ఈ రెండూ తప్ప నక్కడానికి కారణం కనబడదు.

బ్లైండ్‌కు మూడు రెట్లు, అంటే 300కి పెంచడం మధ్యదారి. ముందే 100 పెట్టినవాళ్లు ఇంకో 200కి వెనుకాడరు. ముగ్గురితోనే ఫ్లాప్ చూడాల్సి వస్తుంది, 64 దగ్గరే ఆగిపోతారు.

మొగ్గు గట్టిగా పెంచడానికే. లెక్క ఇది: బిగ్ బ్లైండ్‌కు నాలుగు రెట్లు, దానికి తోడు ముందే దిగిన ఒక్కొక్కరికీ ఇంకో బ్లైండ్. ఇద్దరు దిగి ఉంటే 600. ఒకరిద్దరు మాత్రమే ఉంటారు. దీనివల్ల ఇంకో మేలు ఉంది, దాన్ని చాలామంది గమనించరు. మీ దగ్గర మిగిలిన చిప్స్ పాట్‌కు ఎన్ని రెట్లున్నాయో చూడండి. నక్కినప్పుడు పాట్ 500, చేతిలో 4,900, దాదాపు పది రెట్లు. ఒక్క జతతో అంత దూరం పోవడమంటే చీకట్లో బావి గట్టున నడిచినట్టే. 600కి పెంచి, దిగినవాళ్లలో ఒకరూ బిగ్ బ్లైండూ వస్తే పాట్ 1,950, చేతిలో 4,400, రెండు రెట్లకు కొంచెం ఎక్కువ. ఫ్లాప్‌లో 1,100 వేయండి. ఒకరు కాల్ చేస్తే పాట్ 4,150, మీకు మిగిలేది 3,300. టర్న్ మీద అదంతా తోసేస్తే కథ ముగుస్తుంది. రివర్ (చివరి ముక్క) దాకా ఊగిసలాట ఉండదు.

ఫ్లాప్ మీద రెండు కళావర్లు పడి, ఎదుటాయన చేతిలో ఇంకో రెండుంటే, అయిదు కళావర్లు పూర్తిచేసి మీ జతను కొట్టడానికి ఆయనకు పనికొచ్చే ముక్కలు తొమ్మిది మిగిలాయి. రాబోయే రెండు ముక్కల్లో ఒకటి పడే అవకాశం నూటికి 35, ఒక్క ముక్కకే అయితే 20లోపు. అట్లాంటి ఫ్లాప్‌కు సగం పాట్ కంటే తక్కువ వేయొద్దు. ఏమీ వేయకుండా చెక్ అని ఊరుకుంటే ఆ ముక్క ఆయనకు ఉచితంగా ఇచ్చినట్టు.

చేత్తో చేసే తప్పులు రెండు. ముందు 100 పెట్టి, ఆగి, మళ్లీ 500 తోస్తే కట్టుదిట్టంగా ఆడే చోట దాన్ని కాల్ కిందే లెక్కేస్తారు. "ఆరు వందలు" అని నోటితో చెప్పి ఒకేసారి తోయండి. ఇక ఆసులకు మాత్రమే 600, మిగతా మంచి ముక్కలకు 300 వేస్తుంటే రెండు రౌండ్లకే చాప మొత్తానికి తెలిసిపోతుంది. రాజుల జత, రాణుల జత, ఆసు–రాజు వచ్చినా అదే లెక్క వాడండి.

మొదటి రౌండ్లలోనే 5,000 ఆల్ ఇన్ అనడం అన్నిటికంటే దండగ. బ్లైండ్లు 150, దిగినవాళ్లవి 200, మొత్తం 350 కోసం అందరినీ పారదోలినట్టు.

గట్టిగా పెంచినా ఓడే చేతులుంటాయి. ఆసుల మీద రాజుల జత నూటికి 18 సార్లు గెలుస్తుంది, దానికి సవరించుకోవాల్సింది ఏమీ లేదు. 1976 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ చివరి చేతిలో జెస్సీ ఆల్టో దగ్గర ఆసు–జాకీ, ఫ్లాప్‌లో ఆసు, జాకీ, పది. ఎదుట డాయిల్ బ్రన్సన్ చేతిలో పది–రెండు. టర్న్ రెండు, రివర్ పది పడి బ్రన్సన్ ఫుల్ హౌస్‌తో (మూడు పదులు, రెండు రెండ్లు) గెలిచాడు. మరుసటి ఏడాది టైటిల్ గెలిచిన చేయి కూడా పది–రెండే. ఎప్పుడూ పెంచని పెద్దాయన టర్న్ మీద ఉన్నట్టుండి మీ పందేన్ని మూడింతలు చేస్తే మాత్రం అదృష్టాన్ని తిట్టుకునే పని లేదు, ఆయన దగ్గర రెండు జతలు గానీ, ఒకే ముక్క మూడు గానీ ఉన్నాయి. చేతిలో చిన్న జత ఉన్నవాడికి ఫ్లాప్‌లో మూడోది పడటం ఎనిమిది, తొమ్మిది సార్లకు ఒకసారి జరుగుతుంది. ఆ ఒక్కసారి ఇదే. పడేయండి.

రాజుల జతకూ ఇదే పద్ధతి. ఫ్లాప్‌లో ఆసు పడే అవకాశం నూటికి 23 దాకా ఉందని గుర్తుంటే చాలు. జాకీల జత ఉంటే ఫ్లాప్‌లో జాకీ కంటే పెద్ద ముక్క పడే అవకాశం 57, కాబట్టి ఒకసారి వేసి చూసి వదిలేయడమే. ఆసు–రాజుకు ఫ్లాప్‌లో జత కలవకపోతే దాన్ని పెద్ద చేయి అనుకోవద్దు.

రెండు గంటలు గడిచి బ్లైండ్లు 400–800కి చేరి, చేతిలో 6,000 మాత్రమే ఉంటే నాలుగు రెట్ల లెక్క అక్కర్లేదు, మొత్తం తోసేయండి. ఆ సరికి చాలామంది దగ్గర మీకంటే తక్కువే ఉంటాయి, బ్లైండ్లు మింగేలోపు ఏదో ఒక చేయి ఆడక తప్పదు కాబట్టి కాల్ చేసేవాళ్లు చేస్తారు.