రెండు బొమ్మలు కలిశాయి, కళ్లు మాత్రం మసకే

ఐదేళ్లుగా నేను వాడుతున్న కెమెరా డిజిటల్ రేంజ్‌ఫైండర్ ఒక్కటే. ఇందులో ఆటోఫోకస్ ఉండదు, వ్యూఫైండర్‌లో ఒకే వస్తువు రెండు బొమ్మలుగా కనిపిస్తుంది, లెన్స్‌ను చేత్తో తిప్పి ఆ రెండూ ఒక్కటయ్యేలా చేస్తే ఫోకస్ కుదిరినట్టు. దాన్ని వదలలేకపోవడానికి కారణం ఆ వ్యూఫైండర్. 35 ఎంఎం లెన్స్ వేసినా ఫ్రేము గీతల బయట ఏం జరుగుతోందో కనిపిస్తూనే ఉంటుంది. సుల్తాన్ బజార్‌లో గాజులు బేరమాడే ఆవిడను చూస్తుండగానే, ఎడమ నుంచి సైకిల్ వస్తోందని ముందే తెలుస్తుంది. అది గీత దాటేదాకా ఆగితే చాలు. కొన్ని కెమెరాల్లోలా లోపల లేచే అద్దం లేదు కాబట్టి నొక్కినప్పుడు కూడా కంటికి చీకటి అడ్డం రాదు. పెద్ద లెన్స్ వేస్తే కింద ఒక మూల కప్పేస్తుంది, దానికి అలవాటుపడ్డాను.

ఆటోఫోకస్ కన్నా ఇదే వేగమని కొత్తలో అందరికీ చెప్పేవాణ్ణి. లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/8కి చిన్నది చేసి, ఆ 35 ఎంఎం లెన్స్ ఫోకస్‌ను 3 మీటర్ల దగ్గర ఉంచితే సుమారు 2 నుంచి 7 మీటర్ల దాకా పదునుగా వస్తుంది, నిజమే. కానీ అది ఎండ ఉన్నప్పటి మాట. సాయంత్రం వెలుతురు కోసం రంధ్రం పెద్దది చేసి ఎఫ్/2లో తీస్తే, మన వైపు పరుగెత్తుకొచ్చే పిల్లాడు నాకు ఇప్పటికీ దొరకడు.

ఇక రాజమండ్రిలో పిన్ని కూతురి పెళ్లి. అంతకు రెండు వారాల ముందు బండి మీంచి బ్యాగు జారి పడింది. కెమెరా మీద గీత కూడా పడలేదు, నేనూ పట్టించుకోలేదు. జీలకర్ర బెల్లం వేళ మీటరు దూరం నుంచి, 50 ఎంఎం ఎఫ్/2లో, మా చెల్లి కళ్ల మీద రెండు బొమ్మలూ చక్కగా కలిపి తీశాను. అక్కడ పదును నిలిచేది సుమారు 5 సెంటీమీటర్ల లోతే. వెనక చిన్న తెరలో అన్నీ బాగానే కనిపించాయి. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిస్తే చెవి బుట్టలు స్పష్టంగా, కళ్లు మసకగా ఉన్నాయి. దగ్గర నుంచి తీసినవన్నీ అంతే. ఆ ముహూర్తం మళ్లీ రాదు కదా, ఆ బాధ ఇంకా పోలేదు.

దెబ్బకి ఆ రెండు బొమ్మల్నీ కలిపే లోపలి అమరిక కదిలిందట. సర్వీసుకి పంపితే ఏడు వారాలు పట్టింది. అప్పట్నుంచి ప్రయాణానికి ముందు డాబా ఎక్కి, లెన్స్‌ను అనంతం గుర్తు (అన్నిటికన్నా దూరపు ఫోకస్) దగ్గర పెట్టి, దూరపు సెల్ టవర్ ఒక్కటిగా కనిపిస్తోందా అని చూస్తాను. అది కుదిరినా దగ్గర దూరంలో తప్పొచ్చు, అందుకే లైవ్ వ్యూలోనూ, అంటే లెన్స్ చూసేదాన్నే వెనక తెర మీద చూస్తూ, సరిచూస్తాను.

పెళ్లిళ్లు తీసి బతికేవాళ్లకు ఇదొక్కటే చాలని చెప్పలేను. పసిబిడ్డ ఉన్న ఇంట్లోనూ ఇబ్బందే, నా లెన్సులు 70 సెంటీమీటర్ల లోపు ఫోకస్ కావు. నాకు జీతం వేరే చోట వస్తుంది, ఫొటోలు ఆదివారాలకే. వచ్చే నెల ఆ చెల్లి సీమంతానికి మాత్రం దీంతో పాటు అన్నయ్య ఆటోఫోకస్ కెమెరా కూడా తీసుకెళ్తున్నాను.