పిండిమర మోటారు కాలిపోయాక మా పొదుపు సంఘం ఇచ్చిన నలభై ఎనిమిది వేలు

మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు వెంటనే ఆగిపోదు. మూలుగుతుంది. ఆ మూలుగు విని టీ గ్లాసు అక్కడే పెట్టి పరుగెత్తుకొచ్చేసరికి వార్నిష్ మాడిన కంపు మిల్లంతా కమ్మేసింది. 2023 నవంబరు 22, బుధవారం. తొట్టిలో ఎవరివో అయిదు కేజీల చోళ్లు (రాగులు) సగం నలిగి ఉండిపోయాయి. అంతకు ఏడాది ముందే ఒకసారి వైండింగ్ చేయించిన మోటారు అది. మెకానిక్ మూత విప్పి లోపలికి ఒక్క చూపు చూసి, "మళ్లీ చుట్టించినా డబ్బు దండగే బావూ, కొత్తది వేసీ" అన్నాడు.

చీపురుపల్లి దగ్గర పిండిమర నాది. చోడిపిండి, శనగపిండి, కారం, ఏది తెచ్చినా ఆడతాను. ఏడాది మొత్తానికి డిసెంబరు నెలాఖరు నుంచి సంక్రాంతి దాకా ఉండే ఆ ఇరవై రోజులే నాకు పంట. అరిసెల కోసం తడిబియ్యం గిన్నెలు గుమ్మం దాటి రోడ్డు మీదికి వరస కడతాయి. ఆ సీజను తప్పితే మళ్లీ ఎండుమిరపకాయలు వచ్చేదాకా ఈగలు తోలుకోవడమే. మోటారు, స్టార్టరు, రాళ్లకు గంట్లు కొట్టించడం, ఆటో కిరాయి అన్నీ వేసుకుంటే అరవై వేలు కావాలి.

ఆ అరవై వేలు ఎక్కడెక్కడ అడిగానో, చివరికి ఎక్కడ దొరికిందో, ఆ దొరికినచోట బాగున్నదేమిటో బాగోనిదేమిటో రాద్దామని కూర్చున్నాను. అప్పు తీరిపోయింది, పాస్‌బుక్ నా ఎదురుగానే ఉంది. సంఘం పేరు రాయను. అది సభ్యులకే అప్పిస్తుంది, సభ్యత్వమూ ఈ చుట్టుపక్కల వాళ్లకే. బొబ్బిలి వాళ్లకీ పలాస వాళ్లకీ దాని పేరుతో పనిలేదు. అలాంటిది మీ ఊళ్లో ఉంటే ఏం చూసుకోవాలన్నదే ముఖ్యం.

మొదట వెళ్లింది వరసకి మావయ్య అయ్యే ఒకాయన దగ్గరికి. ఆయన వడ్డీకి తిప్పుతాడు. "అందరికీ మూడు రూపాయలురా, నీకు రెండున్నర. మనలో మనకి లెక్కలేటి?" అన్నాడు. మనలో మనకి లెక్కలు అక్కర్లేదు గాని ప్రోనోటు మాత్రం కావాలట. అదీ ఖాళీది. రెవెన్యూ స్టాంపు అంటించి, దాని మీద సంతకం పెడితే చాలట, అంకె ఆయనే తర్వాత రాసుకుంటాడట. నా దగ్గర పిండి ఆడించుకునే వకీలు గారొకరు ఎప్పుడో చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. స్టాంపు అంటించిన ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చామంటే, దాన్ని నింపుకునే అధికారం అవతలివాడికి ఇచ్చినట్టే లెక్క. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో ఇరవయ్యో సెక్షన్ అదే చెబుతుందట. కాఫీ తాగి వచ్చేశాను. మావయ్యకి ఇప్పటికీ కోపమే.

డైలీ ఫైనాన్సు జోలికి వెళ్లదలచుకోలేదు. కరోనా తర్వాత ఒకసారి తీసుకున్నాను. ఇరవై వేలని రాసుకుని పద్దెనిమిది వేలు చేతిలో పెట్టారు, రోజుకు రెండు వందల చొప్పున వంద రోజులు కట్టాను. సాయంత్రం బండి మీద కుర్రాడు వచ్చేవాడు, అట్టముక్క మీద పెన్సిలుతో టిక్కు పెట్టేవాడు. రెండు వేలే కదా వడ్డీ అనుకున్నాను అప్పట్లో. కట్టే కొద్దీ అసలు తగ్గిపోతుంది కాబట్టి వంద రోజుల్లో సగటున నా చేతిలో ఉన్నది తొమ్మిది వేలు మాత్రమే. లెక్కేస్తే నూటికి నెలకు ఆరు రూపాయల పైమాటే. ఆ అట్టముక్క ఇంకా దాచాను, మిల్లు గోడకి మేకుకి గుచ్చి ఉంటుంది.

తర్వాత విజయనగరం వెళ్లాను. గంటస్తంభం నుంచి నడిచేంత దూరంలో ఒక ఫైనాన్స్ ఆఫీసు. ఏసీ, గాజు తలుపు, బయట 'రూపాయి వడ్డీ' అని పెద్ద బోర్డు. కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు, మంచినీళ్లు కూడా ఇచ్చాడు. ప్రాసెసింగ్ ఫీజు నూటికి రెండు రూపాయలు, ఇన్సూరెన్స్ ఏదో వేరే. "ఫ్లాట్ అండి" అన్నాడు మధ్యలో. ఆ ఒక్క మాటకి అర్థం నాకు ఆ రోజు తెలియలేదు. తెలిసింది సంఘం ఆఫీసులో.

మా సంఘం ఎరువుల కొట్టు మేడ మీద రెండు గదుల్లో ఉంది. మెట్లు ఎక్కేటప్పుడు యూరియా వాసన వస్తుంది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరయిన పొదుపు పరపతి సంఘం. ప్రభుత్వం వాటా డబ్బు ఉండదు, సభ్యులు దాచుకున్నదే సభ్యులకి అప్పు. ఎంత దాచినా మనిషికి ఒక్కటే ఓటు. నేను 2019 జూన్‌లో చేరాను, నెలకి మూడు వందలు. మొహమాటానికి చేరాను, నిజం చెప్పాలంటే. మా బార్బర్ స్నేహితుడు పీకలమీద కూర్చుంటే చేరాను.

పొదుపుకు మూడు రెట్లు అప్పిస్తారు. నా పొదుపు 16,200. అంటే అరవై వేలు రాదు, పైన చిల్లర వదిలేస్తే నలభై ఎనిమిది వేలే వస్తుంది. అక్కడి గుమస్తా ఒక పెద్దావిడ, కళ్లజోడు తాడు కట్టి మెడలో వేసుకుంటుంది. నేను వెళ్లగానే అలవాటు ప్రశ్న అడిగాను. "వడ్డీ ఎంతమ్మా?"

"రూపాయి."

"విజయనగరంలో కూడా రూపాయేనట."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని కాలిక్యులేటర్ నావైపు తిప్పింది. "వడ్డీ ఎంతని కాదు బాబూ. మొత్తమ్మీద ఎంత కడతావో అడుగు, ప్రతి నెలా ఎంత కడతావో అడుగు. అక్కడ నలభై ఎనిమిది వేలకి నెలకి నాలుగు వందల ఎనభై వడ్డీ, ఇరవై నాలుగు నెల్లూ అంతే. ఫ్లాట్ అంటే అదే. అసలు రెండు వేలూ కలిపి రెండు వేల నాలుగు వందల ఎనభై. ఇక్కడ కూడా మొదటి నెల అంతే కడతావు."

"మరి తేడా ఏటి?"

"రెండో నెల సూడు."

రెండో నెల 2,460. మూడో నెల 2,440. అసలు ఎంత మిగిలితే దాని మీదే వడ్డీ. చివరి నెల 2,020. మొత్తం వడ్డీ అక్కడ 11,520, ఇక్కడ 6,000. పెన్నుతో పాస్‌బుక్ వెనక అట్ట మీద వరసగా ఇరవై నాలుగు అంకెలు రాసి ఇచ్చింది, కింద గీత గీసి మొత్తం వేసింది. ఇంటికెళ్లి మా అమ్మాయి చేత ఫోన్లో వేయిస్తే, ఫ్లాట్ రూపాయి వడ్డీ నిజానికి రూపాయి ఎనభై పైసల దాకా పోతోంది, ప్రాసెసింగ్ ఫీజు కలపకుండానే. రెండు బోర్డుల మీదా ఒకే మాట. నాలాంటివాళ్లు ఎంతమంది ఆ గాజు తలుపు తోసుకుని లోపలికి వెళ్లి ఉంటారో.

ఇప్పుడైతే 2024 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నియమం ఒకటుంది. బ్యాంకులూ రిజిస్టరయిన ఫైనాన్స్ కంపెనీలూ వ్యక్తిగత అప్పు ఇచ్చేముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అనే కాగితం ఇవ్వాలి, ఫీజులన్నీ కలిపి ఏడాదికి అసలు వడ్డీ ఎంత శాతం పడుతుందో అందులో రాయాలి. అడిగి పుచ్చుకోండి. ఇవ్వకుండా నసిగితే లేచి వచ్చేయండి. ఆ కాగితం మనకి అర్థమయ్యే భాషలో ఉండాలని కూడా నియమం.

ఇక తిట్లు.

అప్పులు మంజూరు చేసే సంఘం కమిటీ నెలకి రెండుసార్లే కూర్చుంటుంది, అయిదున, ఇరవైన. నేను దరఖాస్తు ఇచ్చింది నవంబరు 24న. డిసెంబరు 5 దాకా ఆగాను. ఆ రోజే మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, ఇక్కడా ఎడతెగని వాన. కోరం లేదని ఏడో తారీఖుకి వాయిదా వేశారు. మోటారు కాలినప్పటి నుంచి అప్పటికే పదిహేను రోజులు మిల్లు మూత. ఆ పదిహేను రోజుల్లో అటు వీధి మిల్లుకి అలవాటైపోయిన ఇళ్లు కొన్ని ఇంకా తిరిగి రాలేదు. అత్యవసరమైతే ముగ్గురు డైరెక్టర్లు సంతకం పెట్టి ఇవ్వొచ్చు కదా అని సభ్యులందరూ కూర్చునే మహాజన సభలో అడిగాను. చప్పట్లు కొట్టారు. పద్ధతి మాత్రం మారలేదు.

రెండోది జామీను. ఇద్దరు సభ్యులు పూచీ ఉండాలి. నాకు నిలబడ్డారు, బాగుంది. బదులుగా నేనూ ఒకరికి నిలబడాలిగా. అతను మూడు వాయిదాలు ఎగ్గొట్టి విశాఖ వెళ్లిపోయాడు. నోటీసు నా పేరు మీద వచ్చింది, నా పొదుపు కదపడానికి లేదన్నారు. అతను వచ్చి కట్టేదాకా రెండు నెలలు మా ఆవిడ మొహం చూడలేకపోయాను. "సంతకం పెట్టినప్పుడు నన్ను అడిగారేటండీ?" అనే ప్రశ్నకి జవాబు లేదు.

మూడోది చిన్నదే గాని చిరాకు. ఒంటి గంటకి కౌంటర్ మూసేస్తారు. మిల్లు నడిపేవాడికి అది పీక్ టైము. ఈ ఏడాది క్యూఆర్ కోడ్ పెట్టాక ప్రాణం హాయిగా ఉంది.

మిగతా పన్నెండు వేలు మా ఆవిడ డ్వాక్రా గ్రూపు నుంచి వచ్చాయి. పదిమంది ఉన్న గ్రూపు. వాళ్ల సొంత పొదుపులోంచి ఇచ్చే అంతర్గత అప్పు. ఆదివారం సాయంత్రం మా వాకిట్లోనే కూర్చుని, తీర్మానం పుస్తకంలో రాసి, అందరి సంతకాలూ తీసుకుని చేతిలో పెట్టారు. గంటన్నరలో అయిపోయింది. నా కమిటీకి పదమూడు రోజులు పట్టిందని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. మా అమ్మ తరంలో, పేదరికం తగ్గించడానికి ప్రభుత్వం పెట్టిన వెలుగు ప్రాజెక్టు రోజుల్లో మొదలైన అలవాటు ఇది. 2000లో ఆ ప్రాజెక్టు పెట్టిన ఆరు జిల్లాల్లో మా విజయనగరం, శ్రీకాకుళం రెండూ ఉన్నాయి. ఇంకాస్త పెద్ద మొత్తం కావాలంటే 2011లో వచ్చిన స్త్రీనిధి పరపతి సంస్థ ఉంది, అదీ గ్రూపు ద్వారానే. మీ ఇంట్లో ఆడవాళ్లు గ్రూపులో ఉంటే ఇంకెక్కడికీ వెళ్లక ముందు వాళ్లని అడగండి. కాకపోతే అది వాళ్ల పేరున అప్పు, పదిమంది ముందు వాళ్ల పరువు. నెల తప్పితే మీకు కాదు, వాళ్లకి తల వంచుకోవలసి వస్తుంది. నేను ఆ పన్నెండు వేలు మాత్రం ఒక్క రోజు కూడా ఆలస్యం చేయలేదు.

డిసెంబరు పదకొండున కొత్త మోటారు తిరిగింది. ఖాతాలో పడింది 47,850. దరఖాస్తుకి, స్టాంపులకి నూట యాభై పోయాయి, ఇంకే కోతా లేదు. సంక్రాంతి సీజను చేజారలేదు. జనవరి నెలాఖరున మొదటి వాయిదాతోపాటు ఇంకో ఆరు వేలు అదనంగా కట్టాను. ముందే కడితే జరిమానా ఏమైనా ఉందా అని భయపడుతూ అడిగితే, గుమస్తా గారు నవ్వి, "వడ్డీ తగ్గుతాది బాబూ, జరిమానా ఎందుకు?" అంది. ఫిబ్రవరి నుంచి నలభై వేల మీదే వడ్డీ పడింది. 2024 ఆషాఢంలో బేరాలు లేక ఒక నెల కట్టలేకపోయాను. ముందురోజే వెళ్లి చెప్పాను. ఇరవై రూపాయలు ఆలస్య రుసుము వేశారు, ఇంటికెవరూ రాలేదు, ఫోన్ కూడా చేయలేదు. 2025 అక్టోబరులో తీరిపోయింది. వడ్డీ 4,980, రుసుము 20. కచ్చితంగా అయిదు వేలు. ఆవిడ నేర్పిన పద్ధతిలోనే నెలనెలా లెక్కేసి నేనే సరిచూసుకున్నాను, పైసా తేడా లేదు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. ఇలాంటి సంఘం దగ్గర అప్పు తీసుకోవడం వేరు, పెద్ద మొత్తం డిపాజిట్ వేయడం వేరు. బ్యాంకులో మన డబ్బుకి అయిదు లక్షల దాకా బీమా ఉంటుంది, వీటికి ఆ బీమా లేదు. చేరేముందు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు, కిందటి ఏడాది ఆడిట్ రిపోర్టు చూపించమనండి. మహాజన సభ ప్రతి ఏడాదీ పెడుతున్నారా, ఎన్నికలు జరుగుతున్నాయా కనుక్కోండి. బ్యాంకు కన్నా చాలా ఎక్కువ వడ్డీ ఇస్తామని డిపాజిట్లు పోగేసే సంఘమైతే ఆ మెట్లే ఎక్కొద్దు. నా పొదుపు వేలల్లోనే ఉంది కాబట్టి నాకు నిద్ర పడుతుంది. రిటైరైన డబ్బంతా ఇక్కడే పెడతానన్న మాస్టారు ఒకరిని నేనే ఆపాను.

మార్కులంటారా, అయిదుకి నాలుగు. ఆ పదిహేను రోజుల మూతకి ఒకటి కోత.

మొన్న కారం మిషను కోసం మళ్లీ మేడ ఎక్కాను. ఈసారి పొదుపు పెరిగింది, ఎక్కువే వస్తుంది. గుమస్తా గారు కాలిక్యులేటర్ తీయబోతే, "ఉండమ్మా, నానే ఏస్తాను" అని లాక్కున్నాను. జామీను ఎవరని అడిగింది. దానికి మాత్రం ఇంటికెళ్లి అడిగొస్తానన్నాను.