కూల్చేయడమా, కాగితం చేతికివ్వడమా?

అల్బేనియా రాజధాని టిరానా శివార్లలో బాథోరే అని ఒక పేట. అక్కడ చాలా ఇళ్ల స్లాబు మీద పిల్లర్ల ఊచలు అలాగే వదిలేసి ఉంటాయి. కొడుకు ఇటలీలోనో గ్రీసులోనో నాలుగు డబ్బులు సంపాదిస్తే పైన ఇంకో అంతస్తు లేపుదామని. ఇల్లు పూర్తయ్యేదాకా గడ్డి కూరిన మనిషి బొమ్మో, పాత టెడ్డీబేరో పైన వేలాడదీస్తారు. వాళ్లు దాన్ని దోర్దొలెత్స్ అంటారు. మనకు వేరే చెప్పాలా, దిష్టిబొమ్మే.

దిష్టి సంగతి సరే, ఆ ఇళ్లకు ప్లాన్ లేదు, పట్టా లేదు. కమ్యూనిస్టు నియంత ఎన్వర్ హోజా కాలంలో సర్కారు ఒప్పుకోనిదే ఊరు మారడానికే వీల్లేదు. 1991 తర్వాత ఆ కట్టడి పోగానే ఉత్తరాది కొండల నుంచి జనం దిగొచ్చారు. ఒకప్పటి ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం భూముల్లో ఎవరికి వాళ్లు కొలుచుకుని కట్టేసుకున్నారు. ఇలాంటివాటిని ఏం చేయాలన్న ప్రశ్నకు సోషలిజం పోయిన నగరాలు ఒక్కోటీ ఒక్కో జవాబు వెతుక్కున్నాయి.

మాస్కో జవాబు బుల్డోజర్. 2016 ఫిబ్రవరి 8 రాత్రి మొదలుపెట్టి, మెట్రో స్టేషన్ల చుట్టుపక్కల దాదాపు వంద దుకాణాలు పడగొట్టారు. ప్రొక్లెయినర్ బకెట్లను తలచుకుని జనం దానికి 'పొడుగు బకెట్ల రాత్రి' అని పేరు పెట్టారు. చాలామంది యజమానుల దగ్గర రిజిస్ట్రేషన్ పత్రాలున్నాయి, కొందరు కోర్టుల్లో గెలిచారు కూడా. అవన్నీ అడ్డదారి కాగితాలని మేయర్ సొబ్యానిన్ కొట్టిపారేశారు. కోర్టు దాకా పోకుండానే కూల్చే వీలు 2015లో సివిల్ కోడ్ 222వ ఆర్టికల్‌ను సవరించి ముందే తెచ్చుకున్నారు. నడవడానికి చోటు దొరికిన మాట నిజమే. కానీ సర్కారే ఇచ్చిన కాగితం తెల్లారేసరికి చిత్తు అయితే, ఇక ఆ ఊళ్లో ఎవడు ఏ పత్రాన్ని నమ్ముతాడు?

టిరానాలోని అల్బేనియా సర్కారు 2006లో చట్టం చేసి, అలుయిజ్ని అనే సంస్థ పెట్టింది. మీ కట్టడం గురించి మీరే చెప్పుకోండి, ఫీజు కట్టండి, హక్కుపత్రం తీసుకోండి అంది. మన బీఆర్‌ఎస్ లాంటిదే (పార్టీ కాదు, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీము). దరఖాస్తులు రెండు లక్షలు దాటాయి. ఫైళ్లు ఏళ్ల తరబడి నలిగాయి. ఇదిగో గడువు అంటే అదిగో కొత్త గడువు. ఇంకాస్త ఆగితే ఇదీ రెగ్యులర్ అవుతుందిలే అని మళ్లీ కట్టేవాళ్లకు అదే ధైర్యం.

మూడోది, చూసీ చూడనట్టు ఊరుకోవడం. 1990లలో జార్జియా రాజధాని టిబిలిసిలో సోవియట్ అపార్టుమెంట్లకు జనం ఇనుప ఫ్రేములు తగిలించి, అంతస్తు అంతస్తుకూ గదులు పెంచుకున్నారు. చూస్తేనే టెన్షన్. దీన్ని పోటీలోంచి తీసేస్తున్నా.

నా ఓటు టిరానాకే, కానీ ఒక షరతు మీద. 2019 నవంబర్ 26న 6.4 తీవ్రతతో అల్బేనియాలో భూకంపం వచ్చి 51 మంది పోయారు. దుర్రెస్ తీరంలో సోషలిజం తర్వాత లేచిన హోటళ్లు కూలాయి. తీరా చూస్తే, చాలామంది పోయిన తుమానే అనే ఊళ్లో కూలినవి సోషలిస్టు సర్కారే కట్టించిన ఇటుక అపార్టుమెంట్లు. అనుమతికీ గట్టిదనానికీ పొంతన లేదన్నమాట. అందుకే స్థలం కొలిచే టేపుతో పాటు పిల్లర్‌ని చూసే ఇంజనీరు కూడా ఆ గడప తొక్కాలి, అదీ పత్రం ఇవ్వకముందే.

బుల్డోజర్ అసలే వద్దని కాదు. 2000 తర్వాత టిరానా మేయర్‌గా ఎడి రామా లానా నది గట్టున అడ్డదిడ్డంగా వెలిసిన కట్టడాలను తీయించారు. నది మళ్లీ కంటికి కనబడింది. అవి చాలావరకు కేఫ్‌లు, దుకాణాలు. బాథోరేలో తీస్తే మాత్రం పిల్లలు నిద్రపోతున్న ఇళ్లు తీయాలి.