తిరుపతి పెరటికి తైవాన్ రెడ్ లేడీ బొప్పాయి: రకం మంచిదే, మొక్కను చూసి కొనాలి

ఇంటి వెనుక రెండు మూడు పండ్ల మొక్కలకు మించి చోటు లేని తిరుపతి వాసులు తైవాన్ రెడ్ లేడీ బొప్పాయిని నిస్సందేహంగా నాటుకోవచ్చు. అయితే ఆ పేరు చెప్పి నర్సరీలలో అమ్మే ప్రతి మొక్కా కొనదగినది కాదు. రకం గుణం వేరు, దాన్ని మొలిపించి అమ్మేవారి పనితనం వేరు కనుక రెండింటి గురించీ విడిగా చెప్పవలసి ఉంది.

రెడ్ లేడీ 786 తైవాన్‌కు చెందిన నోన్-యూ సీడ్ సంస్థ రూపొందించిన సంకర రకం. మన పెరళ్లలో గింజ పడి మొలిచే నాటు బొప్పాయిలో ఆడ చెట్లు, మగ చెట్లు వేరువేరుగా ఉంటాయి. నెలల తరబడి నీళ్లు పోసి పెంచాక పొడవాటి కాడలకు వేలాడే మగపూలు కనిపిస్తే, ఆ చెట్టును కొట్టివేసి మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది. రెడ్ లేడీలో మగ చెట్లు ఉండవు. నాటినది ఆడ మొక్క అయినా, ఆడ, మగ భాగాలు రెండూ ఉండే ద్విలింగ పుష్పాలు పూసేదైనా కాపు ఉంటుంది కాబట్టి, చోటు తక్కువ ఉన్నవారికి దీన్ని మించిన సౌకర్యం లేదు. పైగా మోకాలి ఎత్తు దాటిన కొద్ది రోజులకే కాపు మొదలవుతుంది. పెద్దవారు సైతం నిచ్చెన అవసరం లేకుండా నిలబడి కాయ కోసుకోగలరు. కాయ ఒకటిన్నర నుంచి రెండు కిలోల వరకు తూగుతుంది. తొక్క మీద పసుపు చార కనిపించగానే కోసి ఇంట్లో మాగనిస్తే, కండ ఎర్రగా, గట్టిగా, మంచి తీపితో ఉంటుంది. వానల రోజుల్లో పండినవాటిలో మాత్రం ఆ తీపి తగ్గుతుంది.

నేను మొక్కలు కొన్నది చంద్రగిరి వైపు వెళ్లే దారిలోని ఒక నర్సరీలో. నీడ వల కింద మొక్కలను శుభ్రంగా ఉంచారు, అడిగినవాటికి ఓపికగా సమాధానం చెప్పారు, మొక్క 30 రూపాయలంటే ధర కూడా న్యాయమైనదే. కానీ అన్నిటికీ పొడవు కాయలే వస్తాయని అక్కడ నమ్మకంగా చెప్పిన మాట సరికాదు. ఈ రకంలో ద్విలింగ చెట్లకు పొడవు కాయలు, ఆడ చెట్లకు గుండ్రని కాయలు వస్తాయి. నారు దశలో చూసి ఏది ఏదో చెప్పడం సాధ్యం కాదు. తొలి మొగ్గలు విచ్చినప్పుడు దగ్గరగా చూస్తే తేడా తెలుస్తుంది. ఆడ పువ్వు అడుగున ఉబ్బి, రేకులు మొదలుదాకా విడివిడిగా ఉంటాయి. ద్విలింగ పువ్వు సన్నగా, రేకులు కింది భాగంలో గొట్టంలా కలిసి ఉంటాయి. ఒకే మొక్క నాటితే, అది ఆడదై, పుప్పొడి అందించే చెట్టు చుట్టుపక్కల లేకపోతే పిందె సరిగా నిలవదు. అందుకే రెండు మూడు మొక్కలైనా, ఆరడుగుల ఎడంలో, కలిపి నాటాలి.

ఆ నర్సరీపై నాకున్న అసలు ఫిర్యాదు వేరు. ముందు వరుసలో పెట్టిన పొడవాటి మొక్కల్లో ఒకదాన్ని ఎత్తబోతే, సంచి అడుగు రంధ్రం నుంచి వేరు నేలలోకి దిగి ఉండడంతో పుటుక్కున తెగింది. బొప్పాయి వేరు కదిలితే ఓర్చుకోదు. సంచిలో ముదిరిన మొక్క ఎంత ఏపుగా కనిపించినా నాటిన తర్వాత తేరుకోవడం కష్టం. జానెడు ఎత్తుండి, ఆకులు పచ్చగా, సంచి అడుగు శుభ్రంగా ఉన్నవి వెనుక వరుసలో ఉన్నాయి. నేను తెచ్చుకున్నవి అవే. విత్తనాల ప్యాకెట్ చూపమంటే చూపలేకపోయారు. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే రెడ్ లేడీ పండులోని గింజలనే మొలిపించి అదే పేరుతో అమ్మితే, వాటి కాయల పరిమాణంలో, రుచిలో తల్లి గుణం నిలకడగా రాదు.

మన ఊరి వాతావరణంలో ఈ చెట్టుకు ప్రధాన శత్రువు నిలిచిన నీరు. ఒకటి రెండు రోజులు చెట్టు మొదలు దగ్గర నీరు నిలిస్తే వేరు కుళ్లి చెట్టు వాలిపోతుంది. 2021 నవంబరులో వీధులను ముంచిన వానల వంటివి వస్తే పల్లపు పెరళ్లలో దీన్ని కాపాడుకోవడం కష్టం. మాగిన పశువుల ఎరువు, వేపపిండి కలిపిన ఎర్రమట్టిని దిబ్బగా పోసి, ఫిబ్రవరి, మార్చిలో నాటి వేసవంతా తడి ఆరకుండా చూస్తే, ఆశ్వయుజ కార్తీకాల వానల నాటికి కాండం గట్టిపడుతుంది. మే ఎండలకు ద్విలింగ చెట్లలో కొన్ని పూలు పిందె కట్టకుండా రాలవచ్చు. ఎండలు తగ్గాక కాపు తిరిగి కుదురుకుంటుంది.

రింగ్ స్పాట్ వైరస్‌ను ఈ రకం కొంత తట్టుకుంటుందే గాని, బొత్తిగా సోకదని అనుకోకూడదు. ఆ వైరస్‌ను పేనుబంక పురుగు మోసుకొస్తుంది. గుమ్మడి, దోస జాతి తీగలకూ అది సోకుతుంది కాబట్టి ఆ పాదులను పక్కనే పెట్టకపోవడం మంచిది. ఒకసారి సోకిన చెట్టుకు మందు లేదు, పీకివేయవలసిందే. అలిపిరి, కపిలతీర్థం వైపు ఉన్నవారు కోతుల గురించి కూడా ముందే ఆలోచించుకోవాలి.

రకానికి నా వంతుగా అయిదుకు నాలుగున్నర, ఆ నర్సరీకి మూడు మార్కులు ఇస్తాను. సంచి మీద విత్తిన తేదీ రాసి, విత్తనాల ప్యాకెట్‌ను కొనేవారికి కనిపించేలా పెడితే, అదే మొక్కను 50 రూపాయలకైనా అక్కడే కొంటాను.